వెంట్రుకలు నాటించుకున్నారా? దాచుకునే తొందర వద్దు



ఒకరోజు మధ్యాహ్నం ఓ.పి.లో ఒక యువకుడు జ్వరమని చీటీ రాయించుకుని వచ్చాడు. ఎండాకాలం. అయినా నెత్తిన బిగుతైన టోపీ. "టోపీ తీయి బాబూ" అన్నాను. "తీయాల్సిందేనా సిస్టర్?" అని తల వంచుకున్నాడు. పక్కనున్న తల్లి కళ్ళు తుడుచుకుని అసలు సంగతి చెప్పింది. ఎనిమిది రోజుల క్రితం నగరంలో వెంట్రుకలు నాటే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆరో రోజున అమ్మాయి తరపువాళ్ళు చూడడానికి వస్తున్నారని, పక్కులు కనబడకుండా నల్లటి పొడి చల్లుకుని, పైన టోపీ బిగించాడు. టోపీ తీసి చూస్తే నుదుటి పైభాగమంతా చీము పొక్కులు.

డాక్టరుగారు మందులు రాశారు, మేము గాయం శుభ్రం చేశాము. రెండు వారాల్లో మానిపోయింది. కాని ఆ చీముపట్టిన చోట నాటిన వెంట్రుకల్లో కొన్ని మళ్ళీ రాలేదు. ఆపరేషన్ చేసినవాళ్ళ తప్పేమీ లేదు. తర్వాత ఏమి చేయాలో రాసిచ్చిన కాగితం ఆ అబ్బాయి చొక్కా జేబులోనే ఉంది. మడత కూడా విప్పలేదు!

అందుకే ఈ పాఠం. ఆపరేషన్ రోజు పని డాక్టరుది. ఆ తర్వాతి రోజుల పని మీది. వెంట్రుకలు నాటించుకున్న తర్వాత ఎలా జాగ్రత్త పడాలో, పలచబడిన జుట్టును హాని లేకుండా ఎలా కప్పుకోవచ్చో చూద్దాం.

నాటడం అంటే ఏమిటి?

మగవారిలో సాధారణంగా కనిపించే బట్టతల వంశపారంపర్యంగా వస్తుంది. తండ్రి వైపు నుండే కాదు, తల్లి వైపు నుండి కూడా రావచ్చు. డి.హెచ్.టి. అనే హార్మోను ప్రభావానికి నుదుటి పైన, నడినెత్తిన ఉండే కుదుళ్ళు క్రమంగా సన్నబడిపోతాయి. తల వెనుక, చెవుల పైన ఉండే కుదుళ్ళు మాత్రం ఆ ప్రభావానికి అంతగా లొంగవు. అక్కడి కుదుళ్ళను తీసి ముందుభాగంలో నాటితే అవి తమ స్వభావాన్ని మార్చుకోవని అమెరికాకు చెందిన డాక్టర్ నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రకటించారు. నేటి చికిత్సకు అదే ఆధారం.

మన వరి నాట్లు కూడా ఇంతే. నారుమడిలో పీకిన నారును పొలంలో నాటుతాం. కొత్త నారు పుట్టించడం లేదు, ఉన్నదానినే చోటు మారుస్తున్నాం. నారుమడి ఎంతో అంతే నాటగలం. కనుక తల వెనుక జుట్టు చాలినంత లేనివారికి ఈ ఆపరేషన్ పనికిరాదు.

కుదుళ్ళు తీసే పద్ధతులు రెండు. తల వెనుక సన్నని పట్టీలా చర్మం తీసి కుట్లు వేసేది ఎఫ్.యు.టి. ఒక్కొక్క కుదురును సన్నని పరికరంతో విడివిడిగా తీసేది ఎఫ్.యు.ఇ. మొదటి దానిలో కుట్లను సాధారణంగా 10 నుండి 14 రోజుల్లో తీస్తారు. నాటిన తర్వాత జాగ్రత్తలు రెండింటికీ దాదాపు ఒకటే. మీ డాక్టరు చెప్పినదానికి, ఇక్కడ రాసినదానికి తేడా ఉంటే మీ డాక్టరు మాటే వినండి.

మొదటి రెండు వారాలు

1. పడక: మొదటి ఐదారు రాత్రులు తల ఎత్తుగా ఉండేలా రెండు మూడు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. పక్కకు, బోర్లా తిరగకూడదు. దిండు మీద ఉతికిన మెత్తని గుడ్డ పరచి రోజూ మార్చండి.

2. ముట్టుకోవడం: నాటిన చోట చేయి వేయకూడదు. నాటిన కుదుళ్ళు గట్టిగా పట్టుకోవడానికి తొమ్మిది పది రోజులు పడుతుంది. అంతవరకు గోకినా, దువ్వెన తగిలినా, తలుపు కమ్మికి తల కొట్టుకున్నా కుదురు ఊడిరావచ్చు. దురద వేస్తే డాక్టరు ఇచ్చిన సెలైన్ స్ప్రే కొట్టుకోండి. తల మీదుగా తొడిగే బనియన్లు, టీ షర్టులు వద్దు. ముందు బొత్తాలున్న చొక్కా వేసుకోండి. చంటిపిల్లలు ఉన్న ఇంట్లో వాళ్ళు తల పట్టుకోకుండా చూసుకోవాలి.

3. వాపు: రెండు మూడు రోజులకు నుదురు వాచి, ఆ వాపు కళ్ళ మీదికి దిగవచ్చు. చూసినవారు భయపడతారు గాని, అది సాధారణంగా వారం లోపల తగ్గుతుంది. నుదుటి మీద గుడ్డలో చుట్టిన ఐసు పెట్టవచ్చు. నాటిన చోట మాత్రం పెట్టకూడదు.

4. వంగడం, బరువులు: వారం రోజులు తల కిందికి వంచే పనులు వద్దు. గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా ఎత్తవద్దు. మోకాళ్ళూని నేలకు తల ఆనించి ప్రార్థించే అలవాటున్నవారు ఆ కొద్దిరోజులు కుర్చీలో కూర్చుని ప్రార్థించండి. వ్యాయామం రెండు వారాలు, ఈత నెల రోజులు ఆపాలి.

5. తలస్నానం: సాధారణంగా రెండు మూడు రోజుల తర్వాత మొదలుపెట్టమంటారు. చాలా చోట్ల మొదటిసారి వాళ్ళే చేసి చూపిస్తారు. శ్రద్ధగా చూసి నేర్చుకోండి. వారు చెప్పిన షాంపూను అరచేతిలో నురుగు చేసి, ఆ నురుగును అద్దినట్టు పెట్టాలి, రుద్దకూడదు. గోరువెచ్చని నీళ్ళు మగ్గుతో తలకు దగ్గరగా పట్టి మెల్లగా పోసుకోవాలి. షవరు, కుళాయి ధార వద్దు. తువ్వాలుతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. కుంకుడుకాయ, శీకాయ రుద్దుళ్ళు ఇప్పుడు కుదరవు.

6. పక్కులు: ప్రతి కుదురు చుట్టూ చిన్న పక్కు కడుతుంది. గోటితో గిల్లకండి. డాక్టరు చెప్పిన రోజు నుండి, సాధారణంగా ఎనిమిది పది రోజుల తర్వాత, తడిపి నాననిచ్చి వేలి కొసలతో మెల్లగా రాస్తే రెండు వారాల్లోగా రాలిపోతాయి.

7. ఇంటి వైద్యం: కొబ్బరినూనె, పసుపు, కలబంద, ఉల్లిరసం, సాంబ్రాణి పొగ, ఏదీ డాక్టరును అడగకుండా వద్దు. ప్రేమతో పెద్దమ్మ రాసినా గాయం గాయమే. గోరింటాకు, తలరంగు నెల నుండి ఆరు వారాల వరకు ముట్టవద్దు. మొక్కు ఉందని తల గొరిగించుకోదలచినవారు కూడా డాక్టరును అడగనిదే కత్తి పెట్టించవద్దు.

8. పొగ, మద్యం: పొగ తాగితే చర్మానికి రక్తం సరిగా అందదు, గాయం మానదు, కుదుళ్ళు చచ్చిపోవచ్చు. మద్యం వల్ల రక్తస్రావం పెరగవచ్చు. ఇదే వంకతో రెండూ పూర్తిగా మానేస్తే ఇంకా మంచిది.

9. ఎండ, హెల్మెట్: నెల రోజులు తలకు నేరుగా ఎండ తగలకుండా గొడుగు వాడండి. డాక్టరు అనుమతిస్తే వదులైన టోపీ పెట్టుకోవచ్చు. హెల్మెట్ పది రోజుల నుండి రెండు వారాల వరకు పెట్టకూడదు. అంటే హెల్మెట్ లేకుండా బండి నడపమని కాదు, ఆ రోజుల్లో బండే ఎక్కవద్దని!

10. మందులు: ఇచ్చిన మందులు పూర్తిగా వాడండి. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వంటి రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. సొంతంగా ఆపకూడదు.

నాటిన జుట్టు రాలిపోతుందేమిటి?

రెండో వారం నుండి రెండో నెల లోపల నాటిన వెంట్రుకల్లో చాలావరకు రాలిపోతాయి. "డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరైంది సిస్టర్" అని బాధపడేది ఇప్పుడే. కంగారు పడకండి. నాటిన నారు కొన్నాళ్ళు పచ్చబడి వాడిపోయినట్టు కనబడి, వేరు పట్టాక తేరుకుంటుంది కదా! రాలేది వెంట్రుక, కుదురు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు సన్నని వెంట్రుకలు మొదలవుతాయి. పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది, నడినెత్తిన అయితే ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. కనుక పెళ్ళికి నెల ముందు నాటించుకుంటే పెళ్ళినాటికి పక్కుల మచ్చలు, రాలిన తల మాత్రమే మిగులుతాయి. కనీసం ఏడాది ముందు ఆలోచించుకోవాలి.

వెంటనే డాక్టరును కలవవలసిన లక్షణాలు

శుభ్రమైన గాజుగుడ్డతో పదిహేను నిమిషాలు మెల్లగా అదిమిపట్టినా ఆగని రక్తం, జ్వరం, చలి, చీము, దుర్వాసన, రోజురోజుకూ పెరిగే నొప్పి, చర్మం నల్లబడడం. పక్కుతో పాటు వెంట్రుక వస్తే భయం లేదు. దానితో రక్తం కూడా వస్తే చెప్పాలి. ఊపిరి ఆడకపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు, స్పృహ తప్పడం ఉంటే క్షణం ఆగకుండా దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చేయించుకోబోయేవారికి ఒక మాట. ఇది క్షవరం కాదు, ఆపరేషన్. 2016లో చెన్నైలో ఒక కేంద్రంలో ఇది చేయించుకున్న యువకుడు ప్రాణం కోల్పోయిన వార్త పత్రికల్లో వచ్చింది. శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన డాక్టర్లే దీన్ని చేయాలని, వర్క్‌షాపులో చూసో, యూట్యూబులో చూసో నేర్చుకుంటే చాలదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో స్పష్టంచేసింది. చేసేది ఎవరు, ఆపద వస్తే అక్కడ ఆక్సిజన్, అత్యవసర మందులు ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడకండి.

పలచటి జుట్టును కప్పుకునే మార్గాలు

ఆపరేషన్ అందరికీ అవసరం లేదు, అందరికీ తగదు. ఖర్చూ తక్కువ కాదు. ఉన్న జుట్టుతోనే నిండుగా కనబడే మార్గాలు ఉన్నాయి.

కత్తిరింపు: ఒక పక్క పొడుగ్గా పెంచి బట్టతల మీదుగా దువ్వితే గాలికి లేచి ఇంకా ఎక్కువ కనబడుతుంది. తలంతా పొట్టిగా కత్తిరించుకుంటే తేడా తగ్గుతుంది. స్త్రీలు ఎప్పుడూ ఒకేచోట పాపిడి తీయకుండా అప్పుడప్పుడు మార్చాలి. ముందు జుట్టు లాగి బిగించి వేసే జడ, ముడి వల్ల కూడా నుదుటి దగ్గర జుట్టు పోతుంది.

పొడి: వెంట్రుకల్లో ఉండే కెరాటిన్‌తో చేసిన సన్నని నూగు డబ్బాల్లో దొరుకుతుంది. ఉన్న వెంట్రుకలకు అంటుకుని వాటిని లావుగా చూపిస్తుంది. పూర్తి బోడిగా ఉన్నచోట పట్టుకోవడానికి ఆధారం ఉండదు. పొడి జుట్టు మీద, కళ్ళలో, ముక్కులో పడకుండా చల్లుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు మరీ జాగ్రత్త. చెమటకు, వానకు కారవచ్చు. రాత్రి కడిగేసుకుని పడుకోండి. నాటించుకున్నవారు కనీసం నెల రోజులు, డాక్టరు చూసి సరేనన్న తర్వాతే వాడాలి. గాయం మీద కాటుక, మసి వంటివి అసలే వద్దు.

రంగు: తెల్లని మాడు, నల్లని జుట్టు పక్కపక్కనే ఉంటే పలచదనం ఎత్తి చూపినట్టుంటుంది. ముదురు గోధుమ వంటి కాస్త లేత రంగు ఆ తేడాను తగ్గిస్తుంది. చాలా రంగుల్లో పారా ఫినిలిన్ డయామిన్ అనే రసాయనం ఉంటుంది. కొందరికి అది పడక ముఖం వాస్తుంది. ప్రతిసారీ 48 గంటల ముందు చెవి వెనుక కొంచెం రాసి చూసుకోండి. మరో ముఖ్యమైన మాట. ఈ రసాయనం కడుపులోకి పోతే గొంతు వాచి ఊపిరి ఆగిపోవచ్చు, కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలకు, మనసు బాగాలేనివారికి అందకుండా తాళం వేసి ఉంచండి. ఎవరైనా మింగితే కొంచెమే కదా అని ఇంట్లో ఉంచుకోవద్దు.

విగ్గు: కాన్సర్ మందులతో జుట్టు పోయినవారికి ఇది మంచి ఆసరా. తల కొలతకు తగ్గట్టు, వదులుగా, గాలి ఆడేదిగా ఉండాలి. రాత్రి తీసేయాలి. నాటించుకున్నచోట జిగురుతో, క్లిప్పులతో బిగించేవి పెట్టకూడదు.

ముందు కారణం తెలుసుకోండి: స్త్రీలలో రక్తహీనత, థైరాయిడ్, కాన్పు, టైఫాయిడ్, డెంగ్యూ వంటి జ్వరాల తర్వాత జుట్టు రాలుతుంది. చాలామందికి కారణం సరిచేస్తే కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. దాచుకునే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. మినాక్సిడిల్ వంటి మందులు డాక్టరు సలహాతోనే వాడాలి. ఆపేస్తే కొన్ని నెలల్లో వాటి లాభం పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు.

చివరగా

జుట్టు కోసం జాగ్రత్తపడడం తప్పు కాదు. దానికోసం సిగ్గుపడి ఒంటికి హాని చేసుకోవడం తప్పు. ఎలీషా ప్రవక్తను కూడా బట్టతల అని కుర్రాళ్ళు గేలి చేశారని రెండవ రాజుల గ్రంథం 2వ అధ్యాయంలో చదువుతాం. ఆ మాట ఆయన సేవను ఆపలేదు. మన తల మీద వెంట్రుకలు ఎన్నో కూడా దేవునికి తెలుసని మత్తయి సువార్త 10వ అధ్యాయం చెబుతుంది. రాలిపోయినవి కూడా ఆ లెక్కలో ఉన్నాయని నా నమ్మకం.

ఆ అబ్బాయి గాయం మానాక ఒకసారి కనబడ్డాడు. నెత్తిన టోపీ లేదు. "అమ్మాయి వాళ్ళకు అంతా చెప్పేశాను సిస్టర్. మాకు ముందే తెలిసిపోయింది, ఎండాకాలంలో టోపీ ఎవరు పెట్టుకుంటారు బాబూ అన్నారు" అని నవ్వాడు.

మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ చేయించుకుని వస్తే, జేబులో ఉన్న ఆ కాగితం ఇవాళే తీసి గట్టిగా చదివించండి.