తక్కువ ఖర్చులో ఆదివారం కోడి వేపుడు

ప్రశ్న: ఇంట్లో ఐదుగురం. నాటుకోడి కొనలేం. వేపుడు భోజనం ఎలా పెట్టాలి?
– ఓ గృహిణి, చిలకలూరిపేట

జవాబు: అమ్మా, కిలో బ్రాయిలర్ కోడి చాలు. ఎముకతోనే చిన్న ముక్కలు కొట్టించండి. మెడ, రెక్కలు విడిగా ఉంచితే పులుసు పెట్టుకోవచ్చు. మిగతా ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, నీళ్లు పోయకుండా మూతపెట్టి ఉడికించండి. ఊరిన నీరు ఇగిరాక, మూకుడులో కొద్ది నూనెతో ఉల్లిపాయలు, కరివేపాకు వేయించి, ముక్కలు వేసి సన్నసెగన ఎర్రగా వేపండి. వేయించి దంచిన ధనియాలు, ఎండుకొబ్బరి, లవంగాలు చివర్లో చల్లండి. కారం ఖర్చు తగ్గాలంటే, కొత్త పంట దిగినప్పుడే ఎండుమిర్చి కొని, ఏడాదికి సరిపడా కారం మర పట్టించుకోండి. తేజ రకానికి ఘాటెక్కువ, కాస్త తగ్గించి వేయండి. పక్కన గోంగూర పప్పు తప్పక వండండి. ముక్కలు తగ్గినా పిల్లలకు పప్పుతో మాంసకృత్తులు అందుతాయి.