బండి కూర్చుంటే ముందు బరువు చూడండి

వాకాడు నుంచి నాయుడుపేట చేరి, హైవే మీద దక్షిణానికి తిరిగితే సూళ్లూరుపేట, ఆ తర్వాత తడ. అక్కడికి దగ్గర్లోనే శ్రీసిటీ. ఇసుజు డీ-మ్యాక్స్ పికప్పులు 2016 నుంచి అక్కడే తయారవుతున్నాయి. అలాంటి బండి చేతికొస్తే ఎవరికైనా ఒక కోరిక పుడుతుంది. వెనక తొట్టిలో పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న పెట్టె ఒకటి బిగించుకుని తూపిలిపాళెం తీరం నుంచి పులికాట్ దాకా తిరిగి రావాలని. అమెరికాలో దీన్ని ట్రక్ క్యాంపర్ అంటారు. మంచి కోరిక, తీర్చుకోండి. కాకపోతే కంపెనీ ఇచ్చిన కమాన్ కట్టల మీదే ఆ పెట్టెను మోయించాలంటే ముందు ఒక లెక్క వేయాలి. ఉద్యోగం, సంసారం, అప్పు మోసేవాళ్లకూ అదే లెక్క పనికొస్తుంది.

ఆర్సీలో రెండు అంకెలుంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది సరుకుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి. మిగిలిందే మీ హద్దు. అది 500 కిలోలనుకుందాం. ఖాళీ పెట్టె 300. ట్యాంకులో 80 లీటర్ల నీళ్లంటే 80 కిలోలు. ఇద్దరు మనుషులు 140. సిలిండరు, బ్యాటరీ, పరుపు, వంట సామాను మరో 60. మొత్తం 580. ఏ ఒక్కటీ పెద్ద బరువు కాదు, అయినా హద్దు దాటేశాం. మనిషి మీద బరువు పెరిగేదీ ఇలాగే. ఏ ఒక్క బాధ్యతా అతన్ని కుంగదీయదు. "ఇదెంతలే" అని ఒప్పుకున్న చిన్న పనులన్నీ కలిసి కుంగదీస్తాయి.

బరువుల్లోనూ ఒక తేడా ఉంది. 2021 జనవరిలో మన రాష్ట్రంలో 9,260 రేషన్ బండ్లు రోడ్డెక్కాయి. చిన్న ట్రక్కు మీద పెట్టె, అందులో కాటా, బియ్యం. వీధి వీధి తిరిగేకొద్దీ బియ్యం తగ్గిపోయేది, పెట్టె మాత్రం దిగేది కాదు. రొయ్యల గుంటకు 25 కిలోల మేత బస్తాలు తోలే బండికీ గట్టు మీదికి వెళ్లగానే బరువు దిగిపోతుంది. క్యాంపర్ అలా కాదు, ఆ రేషన్ పెట్టెలాగే బండి ఆగి ఉన్నా కమాన్ల మీదే ఉంటుంది. మీ బరువుల్ని కూడా ఇలా విడదీసి చూడండి. పంట పట్టే రోజు హడావుడి సాయంత్రానికి దిగిపోయే బరువు. ఇంటి లోను, అమ్మ మందులు, తమ్ముడి చదువు దిగని బరువులు. రోజువారీ పనులు ఒప్పుకునేటప్పుడు దిగని బరువు పోగా మిగిలిన చోటే చూసుకోవాలి.

ఇక అసలు సంగతి. బండి వెనక కూర్చుంటే చాలామంది మొదట చేసే పని, మెకానిక్ దగ్గరికి వెళ్లి కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేయించడం. లేదంటే గాలి బెలూన్లు పెట్టించడం. బండి లేచి నిలబడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ బ్రేకులు పాతవే, యాక్సిల్ పాతదే, టైర్లు పాతవే. ఆర్సీలో అంకె కూడా మారదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం హద్దు దాటిన బండికి 20,000 రూపాయల జరిమానా, అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ మరో 2,000. కూర్చోవడం బండి మనకిచ్చే హెచ్చరిక. పట్టీ వేస్తే హెచ్చరిక ఆగుతుంది, బరువు ఆగదు. రాత్రి నిద్ర పట్టనివాళ్లు పొద్దున మూడు టీలు తాగడం, అలసట మీద అలసట వస్తుంటే ఉత్సాహపరిచే వీడియోలు చూడటం కూడా ఈ కోవలోవే. మనిషి నిటారుగా కనిపిస్తాడు, లోపలి యాక్సిల్ మాత్రం అరుగుతూనే ఉంటుంది.

గట్టి పట్టీలకు ఇంకో ఖరీదుంది. పెట్టె దించేసి ఖాళీ బండి తోలి చూడండి, గుంతకో ఎగురు ఎగురుతుంది. కష్టాలకని గట్టిపడ్డ మనిషి సెలవురోజున ఇంట్లో పిల్లల మీద అలాగే ఎగురుతాడు. అప్పుడు అతని మీద బరువేమీ ఉండదు. గట్టిదనం మాత్రం ఉంటుంది. తండ్రులు దీన్ని తప్పకుండా గమనించుకోవాలి.

చాలా పికప్పుల కమాన్ కట్టలో అడుగున ఒక మందపాటి పట్టీ ఉంటుంది. మామూలు బరువుకు అది పైవాటిని తాకదు, ఎక్కువైనప్పుడే ఆసరాకొస్తుంది. క్యాంపర్ ఎప్పుడూ దాని మీదే ఆని ఉంటే, పెద్ద గుంత వచ్చినప్పుడు ఆసరాకింకేమీ మిగలదు. మీ నెల జీతంలో, మీ రోజులో, మీ ఓపికలో అలాంటి పట్టీ ఒకటి తాకకుండా ఉంచుకోండి. జ్వరం ముందుగా చెప్పి రాదు.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడుందన్నదీ ముఖ్యమే. వెనక చక్రాల ఇరుసుకు ముందు పడ్డ బరువును బండంతా పంచుకుంటుంది. ఇరుసుకు వెనక పడితే ముందుభాగం తేలిపోతుంది, స్టీరింగ్ పట్టు తప్పుతుంది. మన రోజుకూ అంతే, కష్టమైన పనిని చివరికి నెట్టకండి. ఒంట్లో పట్టున్న పొద్దుటి పూటే ముగించండి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ట్యాంకు నింపి, సామాను సర్ది, వెళ్లేవాళ్లందరినీ ఎక్కించుకుని వేబ్రిడ్జికి పోండి. మొత్తం బండి ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ఒకసారి తూయించండి. ఎక్కువొస్తే నీళ్లు సగానికి తగ్గించండి, దారిలో పట్టుకోవచ్చు. ప్రయాణం లేని రోజుల్లో పెట్టెను దాని జాకీ కాళ్ల మీదికి దించేయండి, కమాన్లు తేరుకుంటాయి. అదేరోజు సాయంత్రం కాగితం మీద మీ దిగని బరువులు కూడా రాసి, వాటిలో కొన్నాళ్లు దించగలిగింది ఏదో ఒకటి వెతకండి. దొరికితే ఆలస్యం చేయకుండా ఇంట్లో నోరు తెరిచి అడగండి: "అన్నా, ఈ ఏడు చీటీ లెక్కలు నువ్వు చూసుకో."