పేషెంటు ఇంటికి వెళ్లేముందు

త్రిపురాంతకం

మేనకోడలికి,

హైదరాబాద్‌లో మంచం పట్టిన పెద్దాయన్ని చూసుకునే పనికి ఒప్పుకున్నావని మీ నాన్న చెప్పాడు. మిరప కోతలకు గుంటూరు వైపు పోతే ఏమీ అనని ఊరు, ఈ పనికి మాత్రం ముక్కు మూసుకుంటుంది. మూసుకోనీ. ఫ్లోరైడ్ నీళ్లకు మీ నాయనమ్మ మెడ, వెన్ను బిగుసుకుపోతే, చంకల్లో చేతులేసి లాగకుండా, పక్కకు తిప్పి, కాళ్లు కిందికి దించి, వీపుకు చెయ్యి ఆనించి లేపింది నువ్వేగా. అది నేర్చిన చెయ్యి ఎక్కడికెళ్లినా అన్నం పెడుతుంది.

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చు. పిరుదుల మీద, మడమల మీద ఎరుపు కనిపించి, వేలితో నొక్కినా పోకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దకు, ఆ పూటే ఇంటివాళ్లకు చెప్పు. ముక్కు గొట్టంతో పాలు పట్టేటప్పుడు తల ఎత్తుగా ఉండాలి, పట్టాక కనీసం అరగంట దాకా దించొద్దు. యూరిన్ బ్యాగు పొత్తికడుపుకు దిగువనే వేలాడాలి. షుగరున్న మనిషికి చెమటలు పోసి, మాట తడబడితే షుగర్ పడిపోయిందేమో చూడు. తెలివుండి మింగగలిగితే చక్కెర నీళ్లు పట్టు. తెలివి లేకపోతే నోట్లో చుక్క పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యి. గొట్టాలు మార్చడం నర్సు పని, ఎంత బతిమాలినా ముట్టుకోకు.

ఒళ్లు తుడిచేటప్పుడు తలుపు వేసి, దుప్పటి కప్పే ఉంచి, ఒక్కో చోటే తియ్యి. పరాయి పిల్ల ముందు బట్టలిప్పాల్సి రావడం ఆ వయసులో ఎంత నరకమో! మతిమరుపుతో నిన్ను దొంగ అన్నా వాదించకు.

బేరం మొదటిరోజే తేల్చుకో. జీతమెంత, ఏజెన్సీ అందులో పట్టుకునేదెంత, వారానికో సెలవుందా, రాత్రి లేవాల్సి వస్తే పగలు నిద్రెప్పుడు, ఇంటందరి అంట్లూ నీవేనా, అన్నీ అడుగు. ప్రేమగా చూస్తున్నారని నిద్ర మాత్రం వదులుకోకు తల్లీ, నెల తిరక్కుండా నువ్వే మంచమెక్కుతావు. ఆధార్, సర్టిఫికెట్ల జిరాక్సులే ఇవ్వు. ఎవరైనా చెయ్యి వేస్తే 181కి చెప్పు. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకూ వర్తిస్తుంది, ఫిర్యాదుకు జిల్లాలో కమిటీ ఉంటుంది. పని పోతుందని దాచుకోకు.

కూతురు పెట్టినా తినని మనిషి నీ చేతి ముద్దకు నోరు తెరుస్తాడు. పక్షవాతం వచ్చిన చెయ్యి ఒకనాడు గ్లాసు పట్టుకుంటుంది. అంత సంతోషం నాకు ఏ కూలిపనిలోనూ దొరకలేదు.

కానీ ఆయన పోయిన పూటే నీ పనీ పోతుంది. వచ్చినవాళ్లంతా ఆయన పిల్లల్ని పట్టుకుని ఏడుస్తారు. రాత్రీ పగలూ మోసిన నిన్ను ఎవరూ ఓదార్చరు. సాయంత్రానికి ఏజెన్సీ మరో ఇంటి అడ్రసు పంపుతుంది. వెంటనే వెళ్లకు. ఇంటికి రా, చెరువులో అమ్మవారి గుడికి పోదాం, ఏడవాలనిపిస్తే నా దగ్గర ఏడువు. మళ్లీ పట్నం వెళ్లబుద్ధి కాకపోతే ఇక్కడే వెతుకుదాం. పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో నెలకు 15,000 రూపాయల పింఛనిస్తున్నారు, మనిషిని పెట్టుకునే ఇళ్లు మన వైపూ ఉండకపోవు.

జీతం నీ పేరున ఉన్న ఖాతాలోనే పడాలి. బస్సెక్కే ముందు పాస్‌బుక్కు పట్టుకుని ఓసారి ఇంటికి రా.

ఇట్లు
మీ అత్త