పెన్నలో ఒంటరి పడవ: ప్రశ్నలు - జవాబులు

ప్ర: మాది కలిగిరి. బెంగళూరులో ఉద్యోగం. అక్కడి చెరువుల్లో కయాక్ నడపడం బాగానే వచ్చింది. సోమశిల నుంచి పెన్నకు నీళ్లు వదిలే రోజుల్లో ఒక్కడినే బయల్దేరి సముద్రం దాకా పోవాలని ఉంది. మొదటిరోజే గట్టిగా తెడ్డేసి సంగం చేరిపోతే మిగతాది సులువవుతుందని నా లెక్క. సరైనదేనా?
- ఒక పాఠకుడు, కలిగిరి

జ: ఆ లెక్క మానుకోండి. మొదటిరోజు రెండు మూడు గంటలు నడిపి, ఎండ ఎక్కకముందే ఒడ్డు చేరండి. ఒంట్లో ఇంకా ఓపిక ఉన్నా సరే.

ఎందుకంటే, బెంగళూరు చెరువులో మీరు నడిపింది ఖాళీ పడవ. గుడారం, బియ్యం, స్టవ్వు, తాగేనీళ్లు ఎక్కించాక అదే కయాక్ వేరే పడవ అయిపోతుంది. నీళ్లలోకి ఇంకాస్త దిగుతుంది, మలుపు ఆలస్యంగా తీసుకుంటుంది, ఆపాలనుకున్న చోట ఆగదు. నీళ్ల డబ్బాల్లాంటి బరువులు సీటుకు దగ్గరగా అడుగున పెట్టాలి. తేలిక సామాను రెండు కొసలకూ సర్దాలి. ఎంత జాగ్రత్తగా సర్దినా ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. ఒడ్డుకు రావడం, విప్పడం, మళ్లీ సర్దడం - తొలిరోజు ఉన్నది ఇందుకే. సంగం చేరాలన్న తొందర ఉంటే ఆ లాగుడును చేతులతో సరిచేసుకుంటూ పోతారు. మధ్యాహ్నానికి బొటనవేలి మొదట్లో బొబ్బ లేస్తుంది. అది చితికిందంటే తెడ్డు పట్టుకున్నప్పుడల్లా మంటే. తెడ్డును బిగించి పట్టొద్దు. పాదాలు తన్నిపెట్టి, నడుం నుంచి తిరుగుతూ లాగండి.

బయల్దేరే ముందు ఇంకో పని ఉంది. ప్రయాణానికి కట్టుకున్న సామానంతా ఎక్కించి, మీ దగ్గరి చెరువులో, కలుజు పారని రోజు చూసుకుని, ఈత వచ్చిన ఇద్దరిని ఒడ్డున నిలబెట్టి, పడవను కావాలనే బోల్తా కొట్టండి. ఎవరి సాయం లేకుండా మళ్లీ ఎక్కగలిగితేనే పెన్న మాట ఎత్తండి. ఎక్కలేకపోతే ఈ ఏడాదికి వాయిదా వేయండి. ఈ ఒక్క విషయంలో నేను బతిమాలుతున్నాననే అనుకోండి.

ఇక రాత్రి సంగతి. పెన్న ఇసుక చూస్తే ఎవరికైనా అక్కడే పడుకోవాలనిపిస్తుంది. మెత్తగా, శుభ్రంగా, దోమ తక్కువగా ఉంటుంది. అయినా వద్దు. సోమశిల 78 టీఎంసీల జలాశయం. దానికి వరద వచ్చేది కడప వైపు నుంచి. 2021 నవంబరు 19న పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది, ఆ రోజుల్లోనే పెన్న నెల్లూరు దాకా ఊళ్లను ముంచింది. మీ తల మీద చుక్కలు కనిపిస్తున్నా, ఎగువన రాజంపేట వైపు వాన కురిస్తే ఇక్కడ అర్ధరాత్రి గేట్లు ఎత్తవచ్చు. అందుకే గట్టు ఎక్కి, రోడ్డుకు దగ్గరగా ఉన్న ఊరు చూసుకుని, ఊళ్లోవాళ్లకు చెప్పి పడుకోండి. రోడ్డు దగ్గర ఎందుకంటే, మొదటి రాత్రి ఒళ్లు బాగోకపోయినా మనసు ఒప్పుకోకపోయినా తెల్లారి బస్సెక్కి ఇంటికి పోగలగాలి.

డ్యామ్ కిందే నీళ్లలోకి దిగకండి. ఇసుక తవ్విన గోతులు పైకి కనబడవు, వాటిని తప్పించుకోవాలి. సంగంలో 2022 సెప్టెంబరులో ప్రారంభించిన బ్యారేజీ ఉంది. దానికి చాలా ముందే ఒడ్డెక్కి పడవను ఆటోలో దాటించండి. నెల్లూరు బ్యారేజీ దగ్గరా ఇంతే.

ప్ర: మా అబ్బాయి ఇలాగే ఒంటరిగా పడవలో పోతానంటున్నాడు. కచ్చులూరు గుర్తొచ్చి నాకు నిద్ర పట్టడం లేదు. వద్దని ఒట్టు వేయించుకోనా?
- ఒక తల్లి, వింజమూరు

జ: మీ భయం న్యాయమైనదే అమ్మా. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో, వరద పోటు మీద ఉన్నప్పుడు, పాపికొండలకు బయల్దేరి కచ్చులూరు దగ్గర మునిగిన బోటు అది. బతికినవాళ్లలో చాలామంది ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది. మీరు ఒట్టు వేయించుకుంటే అబ్బాయి చెప్పకుండా పోతాడు, అది ఇంకా ప్రమాదం. దానికి బదులు ఒక కాగితం రాయించుకోండి. ఎక్కడ దిగుతాడు, సాయంత్రం ఎక్కడ ఆగుతాడు, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తాడు, ఆ వేళ దాటి ఎంతసేపటికి మీరు 112కు ఫోన్ చేయాలి - ఇవన్నీ అందులో ఉండాలి. లైఫ్ జాకెట్ పడవకు కట్టి ఉంచితే కుదరదు, ఒంటి మీదే ఉండాలని గట్టిగా చెప్పండి. ఎగువన వరద ఉన్న రోజు బయల్దేరనని మాట తీసుకోండి. ఈ మాట ఇవ్వనంటే మాత్రం మీరు అడ్డుపడాల్సిందే.

ప్ర: చిన్న కయాక్‌లో ఒంటరిగా చాలా దూరం పోయినవాళ్లు నిజంగా ఉన్నారా?
- ఒక విద్యార్థి, ఉదయగిరి

జ: ఉన్నారు. ఒకాయన మన తీరం పక్కనుంచే వెళ్లాడు. ఆస్కార్ స్పెక్ అనే జర్మన్, ఆర్థిక మాంద్యంలో వ్యాపారం పోగొట్టుకుని, 1932లో ఉల్మ్ ఊరి దగ్గర డాన్యూబ్ నదిలో మడతపెట్టే కయాక్‌తో దిగాడు. సైప్రస్ రాగి గనుల్లో పని దొరుకుతుందేమోనని బయల్దేరాడు, అంతే. ప్రయాణం సాగిసాగి సింహళం చేరింది, అక్కడి నుంచి మన తూర్పు తీరం వెంట మద్రాసు, కలకత్తా మీదుగా ఇంకా ముందుకు పోయింది. మద్రాసు దాటి ఉత్తరానికి తెడ్డేసినవాడు నెల్లూరు తీరం దాటకుండా పోలేడు కదా! 1939లో ఆస్ట్రేలియా దీవుల్లో అడుగుపెట్టేసరికి రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. శత్రుదేశపు మనిషని అరెస్టు చేశారు. డాన్యూబ్‌లో తెడ్డు వేసిన మొదటిరోజు ఆయన మనసులో ఆస్ట్రేలియా లేదు.

ప్ర: దారి ఎవరిని అడగాలి? ఫోన్‌లో మ్యాప్ చాలదా?
- ఒక పాఠకుడు, ఆత్మకూరు

జ: మ్యాప్‌లో నది ఎప్పుడూ నీలంగానే ఉంటుంది, ఆ వారం నీళ్లున్నదీ లేనిదీ అది చెప్పదు. ముందుగా సోమశిలలో జలవనరుల శాఖ కార్యాలయానికి పోయి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో, ఎప్పటిదాకా వదులుతారో అడగండి. నదిలో దిగవచ్చో లేదో కూడా అక్కడే తేల్చుకోండి. దగ్గరి పోలీసు స్టేషన్లో ఒక మాట చెప్పి పెట్టండి. తర్వాత పొద్దున్నే రేవుకు పోయి పుట్టిలో చేపలు పట్టేవాళ్లను కలవండి. ఏ రాయి ఏ నీటిమట్టానికి మునుగుతుందో, గాలి ఏ వేళకు లేస్తుందో, ఎక్కడ ఊబి ఉందో వాళ్లకు తెలుసు. పోయేటప్పుడు వలలు చూసుకుని, వాటికి దూరంగా తిప్పుకుని పోండి.