క్షతగాత్రశబ్దము – అర్థవిచారము

ప్రమాదవార్తలలో ‘క్షతగాత్రుడు’ అను పదము నేడు నిత్యవ్యవహారమున నున్నది. దీనిని ‘తీవ్రముగా గాయపడినవాడు’ అను అర్థమున గ్రహించువారు పెక్కురు. పదస్వరూపమును పరిశీలించినచో ఆ తీవ్రత ఇందు కానరాదు.

హింసార్థకమగు ‘క్షణు’ ధాతువునకు క్తప్రత్యయము చేరగా, అనునాసికలోపమున ‘క్షత’ రూపము సిద్ధించును. క్షతమునుండి పుట్టినది కనుక రక్తము క్షతజము. విరుగని బియ్యపుగింజలు అక్షతలు. మన పెండ్లిపందిళ్లలో అవియే అక్షింతలు. గాత్రమునకు సంస్కృతమున అవయవము, శరీరము అని అర్థములు. తెలుగున కంఠస్వరమను అర్థము కూడ ఏర్పడినది. గాత్రకచేరి అందుకు నిదర్శనము. ప్రకృతమున శరీరార్థమే గ్రాహ్యము. క్షతమైన గాత్రము గలవాడు క్షతగాత్రుడని బహువ్రీహి. గాయము చిన్నదైనను పెద్దదైనను ఈ పదము చెల్లును.

వైద్యశాస్త్రమున క్షతమునకు మరింత పరిమితార్థము కలదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున ఛిన్నము, భిన్నము, విద్ధము, క్షతము, పిచ్చితము, ఘృష్టము అని సద్యోవ్రణములు ఆరు. మిక్కిలి తెగక, మిక్కిలి చీలక, ఆ రెండింటి లక్షణములు గలిగి విషమముగా నుండునది అందు క్షతము. ఎముకల విరుపును సుశ్రుతుడు భగ్నమని వేరుగా నిరూపించెను.

న్యాయవ్యవహారమున విభాగము వేరు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 320వ సెక్షను తీవ్రగాయమును ఎనిమిది విధములుగా పేర్కొనినది. ఒక కంటిచూపు పోవుట, ఎముక గాని పంటి గాని విరుగుట వానిలోనివి. ప్రాణాపాయము కలిగించు గాయమును, ఇరువది దినములు తీవ్రబాధ కలిగించు గాయమును ఎనిమిదవ విధమున చేరినవి. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షనున ఆ గడువు 15 దినములైనది. చర్మము చెక్కుచెదరకున్నను ఎముక విరిగినచో అది తీవ్రగాయము. నెత్తురు కారినను గీచుకొనిపోయిన గాయము సాధారణముగా తీవ్రగాయము కాదు. కావున క్షతము, తీవ్రగాయము పర్యాయపదములు కావు.

‘తీవ్ర క్షతగాత్రుడు’ అను ప్రయోగము కూడ విచార్యము. సమాసమున అణగియున్న క్షతపదమునకు వెలుపలి విశేషణము అన్వయింపదు. తీవ్రత గాయమును వీడి మనుష్యునిపై పడును. ‘తీవ్రముగా గాయపడినవాడు’ అనుట నిర్దుష్టము. గాయశబ్దము సంస్కృత ‘ఘాత’మునుండి ప్రాకృతము ద్వారా వచ్చిన తద్భవమే, దానిని వాడుటచే భాషాగౌరవమునకు లోపము లేదు.

నేరవార్తను గాని ఫిర్యాదును గాని తెలుగున వ్రాయువారు ఈ భేదమును పాటింపవలెను. సామాన్యగాయమునకును తీవ్రగాయమునకును విధించు శిక్షలు వేరు. గాయము ఏ అవయవమునకు, ఏ రీతిని తగిలినదో విస్పష్టముగా చెప్పినప్పుడే బాధితునకును నిందితునకును న్యాయము జరుగును.