పాఠం 12: ఒకే జ్వరం, వేర్వేరు మోతాదులు

ఒక ఇంటిని ఊహించుకోండి. అందులో డెబ్బై అయిదేళ్ల మామ్మ, ఆమె కొడుకు, అయిదో నెల గర్భిణి అయిన కోడలు, ఏడాది నిండిన మనవడు ఉన్నారు. కొడుక్కి జ్వరం వస్తే డాక్టరు మాత్రలు రాశారు. నాలుగు వాడగానే తగ్గింది, ఆరు మిగిలాయి. వారం తిరగకుండా మనవడికి ఒళ్లు కాలింది.

“ఆ మాత్రలో పావు ముక్క అరగదీసి పట్టవే, తగ్గిపోతుంది” అంది మామ్మ.

“వద్దత్తయ్యా. వాడి బరువు చూసి డాక్టరు గారు రాయాలి” అంది కోడలు.

ఎవరి మాట సరైనదో మీరు ఇప్పటికే చెప్పగలరు. ఎందుకు సరైనదో ఈ పాఠంలో చూద్దాం.

12.1 మింగిన మందు ఏమవుతుంది?

మింగిన మందు పేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది. చాలా మందులను కాలేయం మార్చివేస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. అప్పుడే పుట్టిన బిడ్డలో ఈ రెండు అవయవాలూ ఇంకా పూర్తిగా పనిలోకి రావు. ముసలితనంలో, ముఖ్యంగా మూత్రపిండాల పని, మందగిస్తుంది. అందుకే పసిబిడ్డను చిన్న సైజు పెద్దమనిషిగా లెక్కకట్టకూడదు.

ఈ సంగతి వైద్యులకు కూడా కొంత మూల్యం చెల్లించాకే తెలిసింది. టైఫాయిడ్‌కు వాడిన క్లోరాంఫెనికాల్ అనే మందును ఒకప్పుడు నవజాత శిశువులకు కూడా ఇచ్చేవారు. కొందరు శిశువులు బూడిద రంగుకు తిరిగి చనిపోయారు. లేత కాలేయం మందును మార్చలేకపోవడంతో అది ఒంట్లోనే పేరుకుపోయిందని 1959 నుంచి వైద్య పత్రికల్లో వచ్చిన నివేదికల వల్ల బయటపడింది.

12.2 పిల్లలకు బరువే కొలత

పారాసిటమాల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పిల్లలకు కిలో బరువుకు ఒకసారికి 10 నుంచి 15 మిల్లీగ్రాములు లెక్క. మన ఉదాహరణలోని మనవడి బరువు 10 కిలోలు అనుకోండి. ఒక మోతాదు 100 నుంచి 150 మిల్లీగ్రాములు అవుతుంది.

ఇప్పుడు సీసా మీద అక్షరాలు చదవండి. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. మరొక దానిలో అదే 5 మిల్లీలీటర్లకు 250 ఉంటుంది. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. మొదటి సిరప్ 5 మిల్లీలీటర్లు ఇస్తే మోతాదు సరిపోయింది. అదే అలవాటుతో చుక్కల మందు 5 మిల్లీలీటర్లు పోస్తే? 500 మిల్లీగ్రాములు, అంటే పెద్దవాళ్లు వేసుకునే పూర్తి మాత్ర! రోజుకు నాలుగుసార్లు అలా పోస్తే కాలేయం దెబ్బతింటుంది. ఈ లెక్కను కాగితం మీద మీరు కూడా ఒకసారి చేసి చూడండి. ఈ పాఠంలో ఇంతకంటె ముఖ్యమైన లెక్క లేదు.

వంటింటి చెంచాలన్నీ ఒకే కొలత కావు. సీసాతో వచ్చిన కొలత మూతనో, చుక్కల గొట్టాన్నో వాడండి.

కొన్ని మందులకు మోతాదు తగ్గించినా చాలదు. నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకుండా మన దేశంలో 2011లో నిషేధించారు. పిల్లల వైరస్ జ్వరాలకు ఆస్పిరిన్ ఇస్తే మెదడు, కాలేయం దెబ్బతినే రేయీస్ వ్యాధి రావచ్చు. అదే ఆస్పిరిన్‌ను గుండెజబ్బు ఉన్న తాతకు డాక్టరే చిన్న మోతాదులో రోజూ వేసుకోమంటారు.

12.3 గర్భిణికి

పశ్చిమ జర్మనీలో 1957లో థాలిడోమైడ్ అనే నిద్రమందు అమ్మకానికి వచ్చింది. గర్భిణులు వేవిళ్లకు కూడా వాడారు. చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడని బిడ్డలు వేల సంఖ్యలో పుట్టాక, 1961లో దాన్ని అక్కడ వెనక్కు తీసుకున్నారు. తల్లికి హాని కనిపించని మందు బిడ్డకు హాని చేయవచ్చని లోకానికి తెలిసింది.

అలాగని మందులన్నీ మానేయడం కూడా తప్పే. మూర్ఛకో, రక్తపోటుకో మందు వాడుతున్న స్త్రీ గర్భవతి అయితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. వాల్‌ప్రోయేట్, ఎనలాప్రిల్ వంటి వాటికి బదులు వేరే మందు రాస్తారు. తనంతట తాను ఆపేస్తే మూర్ఛ తిరగబెట్టి తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు వస్తుంది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రం ఆరోగ్య కార్యకర్త చెప్పినన్ని రోజులూ వేసుకోవలసిందే.

12.4 మామ్మ మందుల డబ్బా

వృద్ధుల చిక్కు వేరు. రక్తపోటుకు ఒక డాక్టరు, మధుమేహానికి మరొకరు రాస్తారు. మోకాళ్ల నొప్పికి కొట్టులో అడిగి కొన్నది మూడోది. ఈ మూడోదాని సంగతి మొదటి ఇద్దరికీ తెలియదు. చాలా నొప్పి మాత్రలు రక్తపోటును పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మూత్రపిండాలు మందగిస్తే గ్లిబెన్‌క్లమైడ్ వంటి చక్కెర మాత్ర ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, చక్కెరను మరీ కిందికి దించుతుంది. చెమటలు పట్టి, మాట తడబడుతుంది. ఇంట్లోవాళ్లు “వయసు మీద పడింది” అనుకుంటారు. జలుబుకు వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్ కూడా వృద్ధుల్లో మగతను, అయోమయాన్ని తెచ్చి పడిపోయేలా చేయవచ్చు.

అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల డబ్బా మొత్తం పట్టుకెళ్లండి. నాటు మందులుంటే అవి కూడా. చీటీ చేతికి వచ్చాక మందు పేరు, ఎంత, ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అన్నవి మీకు అర్థమయ్యేదాకా అడగండి. అడగడంలో మొహమాటం అక్కరలేదు.

పాఠ్యగత ప్రశ్నలు

1. బిడ్డ బరువు 8 కిలోలు. పారాసిటమాల్ ఒక మోతాదు ఎన్ని మిల్లీగ్రాముల నుంచి ఎన్నింటి వరకు ఉండవచ్చు?
2. మీ ఇంట్లో ఉన్న ఒక సిరప్ సీసా తీసి, 5 మిల్లీలీటర్లలో మందు ఎంత ఉందో, గడువు తేదీ ఎప్పుడో మీ నోటుపుస్తకంలో రాయండి.
3. మామ్మ చెప్పిన పావు ముక్క మాత్రలో 125 మిల్లీగ్రాములు ఉండవచ్చు. లెక్క సరిపోయినట్లే ఉంది. అయినా కోడలు ఎందుకు వద్దంది? కనీసం రెండు కారణాలు రాయండి.

(మొదటి ప్రశ్నకు జవాబు: 80 నుంచి 120)