పాత కారులో దోషాన్వేషణము

ఇంగ్లండు దేశమున, ఆక్స్‌ఫర్డు నగరమునకు సమీపమున, థేమ్సు నదీతీరమందు ఆబింగ్డన్ అను చిన్న పట్టణము కలదు. అచ్చట 1962 మొదలు 1980 వఱకు ఎం.జి.బి. అను చిన్న కారులు తయారయ్యెను. ఐదు లక్షలకు మించి నిర్మింపబడిన ఆ కారులలో అనేకములకు స్థిరమైన పైకప్పు లేదు. ఎండ కాయునపుడు గుడ్డకప్పును మడిచి వెనుకకు త్రోయవచ్చును. వాన కురియునపుడు మరల పైకి లాగి ముందరి అద్దపు చట్రమునకు బిగింపవలెను. ఆ దేశపు వాతావరణమునుబట్టి ఈ రెండవ పనియే తఱచు చేయవలసి వచ్చును! అట్టి కారులను నేటికిని ముచ్చటతో కాపాడుకొనువారు కలరు.

1972లో తయారైన అట్టి కారొకటి ఒకనికి కలదనుకొందము. వానకాలపు సాయంకాలమున అతడు బ్రేకు త్రొక్కగా, వెనుక నెఱ్ఱగా వెలుగవలసిన ఎడమ దీపము మసకగా కనబడినది. దానితో ప్రమేయములేని మలుపుదీపము కూడ లేతగా వెలిగినది. తన బండి వెనుకనున్న దీపము తనకు కనబడదు గదా! వెనుక వచ్చు లారీవానికి ఆ దీపమే ఆధారము. అది వెలుగనిచో ప్రాణాపాయము.

అతడు బల్బు మార్చెను; ఫలము లేదు. ఫ్యూజు మార్చెను, అదియు వ్యర్థమే. తీగలన్నియు తీసివేసి క్రొత్తవి వేయింపుమని ఒకరు సలహా చెప్పిరి. కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నవానికి కాలు తీసివేయుమని చెప్పుట వంటిదే యిది. మొదట ఆలోచింపవలెను.

విద్యుత్తు బాటరీనుండి బయలుదేఱి దీపములోనుండి పోయి మరల బాటరీని చేరవలెనని మీరు చదివియుందురు. కారులో పోవుటకు తీగ కలదు. తిరిగి వచ్చుటకు బండి యొక్క ఇనుప శరీరమే దారి. దీపమునుండి నల్లని తీగ యొకటి వచ్చి వెనుకటి సామానుపెట్టెలో ఇనుపరేకునకు మరతో బిగింపబడియుండును. ఆ మర క్రింద త్రుప్పు పట్టినచో తిరుగుదారి మూసికొనిపోవును. అపుడు విద్యుత్తు ప్రక్క దీపపు తంతువుగుండ దొడ్డిదారి వెదకికొనును. రెండు దీపములును మసకగా వెలుగుటకు కారణ మిదియే.

దీనిని పరీక్షించుట సులభము. ఒక తీగ కొనను దీపపు లోహపు గూటికి తాకించి, రెండవ కొనను గీకి శుభ్రపఱచిన ఇనుమునకు తాకింపవలెను. దీపము తక్షణమే ప్రకాశించినచో దోషము తిరుగుదారిలోనే యున్నదని నిశ్చయము. ఆ బండ్లలో తీగల రంగులు కూడ తోడ్పడును. గోధుమరంగు తీగ బాటరీనుండి నేరుగా వచ్చును. తెల్లనిది తాళము త్రిప్పినపుడే పనిచేయును. పచ్చనిది ఫ్యూజు దాటివచ్చినది. మరను విప్పుటకు ముందు బాటరీ తీగను ఊడదీయుట మాత్రము మఱవరాదు.

త్రుప్పు గీకి మర బిగించినంత మాత్రమున పని ముగియదు. ఆ త్రుప్పునకు నీ రెక్కడిది?

మా పెంకుటింట వంటయింటి మూల ప్రతి వానకు నీరు కారెడిది. ఆ మూలకు పైనున్న పెంకులన్నియు రెండు మారులు మార్పించితిని. పగిలిన పెంకు నాలుగు గజముల పైన, నడికొప్పు దగ్గఱ నుండెను! నీరు వాసము వెంబడి జాఱి వచ్చి మూలలో పడుచుండెను. కారులోను అంతే. నీరు కనబడిన చోటే ప్రవేశించిన చోటు కానక్కఱలేదు.

కావున సామానుపెట్టెను పొడిగుడ్డతో తుడిచి, మూత అంచునను, దీపముల చుట్టును లోపలి వైపున సుద్దపొడి చల్లవలెను. పిదప మూత వేసి, గొట్టముతో నీటిని క్రిందినుండి పైకి, ఒక్కొక్క చోట కొంతసేపు పట్టవలెను. పైనుండి ఆరంభించినచో నీరు అన్నిచోట్లకును జాఱి, ఏది ఏదియో తెలియకపోవును. మూత తెఱచి చూడగా సుద్దపొడిలో నీటి చాఱ దారి చూపును. దీపము క్రింది రబ్బరు ఎండి బిరుసెక్కియుండుటయే తఱచు కారణము.

ముందువైపు కాళ్ళక్రింది తివాచీ తడిసినచో అందఱును గుడ్డకప్పునే నిందింతురు. క్రొత్త కప్పునకు చాల ధనమగును. దానికి ముందు ఒక గ్లాసెడు నీరు చాలును. ముందరి అద్దమునకు ఎదుట గాలి లోనికి పోవుటకు చిన్న జాలీ కలదు. అందులో పడిన వాననీరు ఒక రబ్బరు గొట్టముద్వారా బండి క్రిందికి పోవలెను. ఎండుటాకులు అడ్డుపడినచో నీరు నిలిచి, మట్టమెక్కి, హీటరు మార్గమున పాదములపై పడును. జాలీలో నీరు పోసి, వంగి నేలను చూడుడు. చుక్క పడనిచో గొట్టము పూడినదన్నమాట. మెత్తని తీగతో మెల్లగా పొడువగా నల్లని ఆకుల ముద్ద వెడలివచ్చును. దాని వెంట నీరు బొళబొళ నేల బడును.

తివాచీని ఎండలో ఆఱవేసి, ఇంటివారి నెవరినైన వెనుక నిలువబెట్టి, మరల బ్రేకు త్రొక్కి చూడవలెను.